కారు చార్జింగ్ ఎక్కకపోతే తప్పు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే: రాత్రి ప్లగ్గు పెట్టి పడుకున్నాం, తెల్లారి లేచి చూస్తే ఎలక్ట్రిక్ కారు చార్జింగ్ ఎక్కలేదు. విడివిడిగా జవాబులు చెప్పేముందు అందరికీ పనికొచ్చే పరీక్ష ఒకటి చెబుతాం. మీ కారును, దాంతో వచ్చిన పోర్టబుల్ చార్జర్‌ను తీసుకెళ్లి, ఎర్తింగ్ బాగుందని నమ్మకమున్న ఇంకో చోట 16 ఆంప్స్ సాకెట్‌కు పెట్టండి. అక్కడ ఎక్కితే తప్పు మీ ఇంటి వైరింగ్‌లోనే ఉంది. అక్కడా ఎక్కకపోతే ఏదైనా ఏసీ చార్జింగ్ స్టేషన్‌కు వెళ్లి వాళ్ల గన్‌తో (కారుకు తగిలించే పిడి లాంటి కనెక్టర్‌తో) ప్రయత్నించండి. దాంతో ఎక్కితే మీ పోర్టబుల్ చార్జర్ పాడైందన్నమాట. దాంతోనూ ఎక్కకుండా డీసీ ఫాస్ట్ చార్జర్‌తో మాత్రం ఎక్కుతోందంటే, ఏసీ కరెంటును డీసీగా మార్చి బ్యాటరీకి ఇచ్చే, కారు లోపలి ఆన్‌బోర్డ్ చార్జర్‌నో ఏసీ పిన్నుల వైరింగ్‌నో అనుమానించాలి. డీసీ కరెంటు ఆన్‌బోర్డ్ చార్జర్‌తో పని లేకుండా నేరుగా బ్యాటరీకి వెళుతుంది, అందుకే ఈ తేడా. ఈ చివరి సందర్భంలో సర్వీస్ సెంటర్‌తో పని. ఇంటి వైరింగ్ తప్పులైతే మీటరుకూ సాకెట్‌కూ మధ్య తేలిపోయేవే.

ప్రశ్న (ఖమ్మం నుంచి): మాది ముప్పై ఏళ్ల కిందటి ఇల్లు. కారుతో ఇచ్చిన 15 ఆంప్స్ పోర్టబుల్ చార్జర్‌ను వరండాలోని పవర్ ప్లగ్గుకు పెడితే పెట్టె మీద ఎర్ర లైటు వస్తోంది. షోరూములో అదే చార్జర్‌తో బాగానే ఎక్కింది. మా ఎలక్ట్రీషియన్ చూసి, సాకెట్ వెనక ఎర్త్‌కూ న్యూట్రల్‌కూ చిన్న వైరు ముక్కతో లింకు వేస్తే ఎక్కేస్తుందండీ అంటున్నాడు. వేయించమంటారా?

జవాబు: వద్దండీ. ఇప్పటికే వేసి ఉంటే ఈ రోజే తీయించేయండి. అతను చెప్పినట్టు కారు చార్జింగ్ ఎక్కే మాట నిజమే. చార్జర్ పెట్టె మోసపోతుంది కాబట్టి ఎక్కుతుంది.

ఆ పెట్టె ఎర్త్ కోసం ఎందుకు అంత పట్టుబడుతుందో ముందు చూద్దాం. గన్‌లో కరెంటు మోసే పిన్నులతో పాటు కంట్రోల్ పైలట్ అనే సన్నటి పిన్ను ఒకటి ఉంటుంది. పెట్టె దాని మీద 12 వోల్టుల సంకేతం పంపుతుంది. గన్ కారుకు తగిలించగానే అది 9 వోల్టులకు తగ్గుతుంది. కారు సిద్ధమైతే 6 వోల్టులకు దిగుతుంది. అప్పుడుగానీ పెట్టెలోని రిలే మూసుకుని 230 వోల్టులు బయటికి రావు. ఈ సంకేతం తిరిగొచ్చే దారి ఎర్త్ తీగే. దీనికి తోడు, గోడ సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో పెట్టె వేరేగా పరీక్షిస్తుంది. కారు రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది కాబట్టి, లోపల ఎక్కడైనా లీకేజీ వస్తే ఆ కరెంటు నేలలోకి పోవడానికి ఎర్త్ తీగ తప్ప వేరే దారి లేదు. ఆ తీగ లేకపోతే, తలుపు పిడి మీద చెయ్యి వేసిన మనిషే దారి అవుతాడు.

లింకు వేస్తే కారు బాడీ మొత్తం న్యూట్రల్‌కు కలిసిపోతుంది. న్యూట్రల్ బాగున్నన్నాళ్లు ఏమీ తెలియదు. స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ జాయింటు వదులైన రోజున, ఇంట్లో తిరుగుతున్న ఫ్రిజ్జు, ఫ్యాన్ల గుండా ఫేజ్ వచ్చి న్యూట్రల్ తీగలో నిలబడుతుంది. అక్కణ్నుంచి మీ లింకు గుండా కారు బాడీ మీదికి వస్తుంది. పోర్టబుల్ చార్జర్‌లోని లీకేజీ రక్షణ ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ తెంచగలదు గానీ ఎర్త్ తీగను తెంచదు. పాత ఇళ్లలో ఆర్‌సీసీబీ (లీకేజీని పసిగట్టి కరెంటు తెంచే స్విచ్) కూడా ఉండదు. పిల్లలు ఆడుకునే వరండాలో ఇలాంటి ప్రమాదం పెట్టుకోవద్దు.

సరైన పద్ధతి ఇది. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి సాకెట్‌లో మూడు కొలతలు తీయించండి. ఫేజ్-న్యూట్రల్ మధ్య 230కి అటూ ఇటూ రావాలి. ఫేజ్-ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. ఫేజ్-ఎర్త్ మధ్య 60, 90, 110 లాంటి పొంతన లేని అంకెలు కనిపిస్తే ఎర్త్ తీగ ఎక్కడో తెగిపోయి గాల్లో వేలాడుతోందని అర్థం. ఇంకో మాట: దూరంగా ఉన్న సాకెట్‌లో, లోడు నడుస్తున్నప్పుడు కూడా న్యూట్రల్-ఎర్త్ కొలత నికరంగా సున్నా చూపిస్తుంటే సంతోషించకండి. దగ్గర్లో ఎవరో లింకు వేసి ఉండొచ్చు, సాకెట్ విప్పి చూడాలి.

మల్టీమీటర్ ఒక్కటే చాలదు. తుప్పు పట్టిన, సగం తెగిన ఎర్త్ కూడా మీటరుకు 230 చూపిస్తుంది, ఎందుకంటే మీటరు తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. అందుకని 100 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బును ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కొద్ది సెకన్లు వెలిగించి, ఆ సమయంలో న్యూట్రల్-ఎర్త్ వోల్టేజీ చూడాలి. ఆ బల్బు 0.43 ఆంప్స్ లాగుతుంది. ఎర్త్ నిరోధం 5 ఓమ్‌లైతే సుమారు 2 వోల్టులు పెరుగుతాయి, 50 ఓమ్‌లైతే 20 దాకా పెరుగుతాయి. ఆర్‌సీసీబీ ఉన్న లైను మీద ఈ పరీక్ష చేస్తే అది వెంటనే పడిపోతుంది, పడాలి కూడా. ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. పరీక్ష నడుస్తుండగా ఎర్త్ తీగను గానీ పైపును గానీ ఎవరూ ముట్టకూడదు.

ఎర్త్ లేదని తేలితే, కారు నిలిపే చోటికి దగ్గర్లో కొత్త ఎర్త్ పిట్ తీయించండి. 40 మిల్లీమీటర్ల జీఐ పైపు, రెండున్నర మీటర్ల లోతు, చుట్టూ ఉప్పూ బొగ్గూ పొరలు పొరలుగా వేస్తారు. అక్కణ్నుంచి సాకెట్ దాకా 4 స్క్వేర్ ఎంఎం రాగి తీగను మధ్యలో జాయింటు లేకుండా లాగాలి. అంతటితో ఆగకూడదు. పిట్ నిరోధం 5 ఓమ్‌లే అనుకున్నా, ఫేజ్ బాడీకి తగిలినప్పుడు పోయే కరెంటు 230ని 5తో భాగిస్తే వచ్చే 46 ఆంప్స్. 16 ఆంప్స్ సీ-కర్వ్ ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే పడిపోయే బ్రేకర్) తక్షణం పడాలంటే 80 నుంచి 160 ఆంప్స్ దాకా కావాలి. అంటే ఎర్త్ ఉన్నా ఎంసీబీ చటుక్కున పడదు. కాబట్టి ఆ లైనుకు 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ తప్పనిసరిగా పెట్టించండి. కొత్త పిట్ వేయించి ఆర్‌సీసీబీ మానేయడం సగం పని చేయడమే.

ప్రశ్న (అనంతపురం నుంచి): డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగా ఎక్కింది. ఏప్రిల్ వచ్చాక వారానికి రెండు మూడుసార్లు ఎర్త్ ఫాల్ట్ చూపిస్తోంది. ఒకసారి వాన పడ్డాక వారం పాటు అసలు ఇబ్బంది లేదు. చార్జర్ మార్చాలా?

జవాబు: చార్జర్ జోలికి వెళ్లకండి. వాన పడితే బాగైందన్న మాటలోనే మీ జవాబు ఉంది. ఎండకు పిట్ చుట్టూ మట్టి ఆరిపోయి నిరోధం పెరిగింది. ఎర్ర నేల, రాతి పొర ఉన్నచోట్ల ఇది మామూలే. సాయంత్రం పిట్‌లో రెండు మూడు బిందెల నీళ్లు పోసి, గంట తర్వాత చార్జింగ్ పెట్టి చూడండి. ఎక్కితే కారణం ఖాయమైనట్టే. వేసవంతా నీళ్లు పోస్తూ కూర్చోవడం కష్టం కాబట్టి, పిట్ మూత తీసి పైపు పైన బోల్టు, క్లాంపు చూడండి. ఉప్పు వల్ల అక్కడ తుప్పు పేరుకుని ఉంటుంది. గీకి, కొత్త జీఐ బోల్టుతో బిగించి గ్రీజు రాయాలి. అప్పటికీ ఎర్త్ నిరోధం కొలిచే ఎర్త్ మెగ్గర్ మీద 5 ఓమ్‌లకు మించి వస్తుంటే రాగి పూత రాడ్డు పెట్టి, చుట్టూ బెంటోనైట్ లాంటి తేమ పట్టి ఉంచే పొడి నింపండి. దాన్నే కెమికల్ ఎర్తింగ్ అంటున్నారు. రాయి తగిలి లోతుకు పోలేకపోతే, మూడు మీటర్ల ఎడంలో రెండో పిట్ తీసి రెండింటినీ కలపండి. ఒక్కటే లోతుగా తవ్వడానికి కష్టపడేకన్నా అది మేలు.

ప్రశ్న (విజయవాడ నుంచి): పెట్టిన అరగంటకో నలభై నిమిషాలకో చార్జింగ్ ఆగిపోతోంది. ప్లగ్గు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది, కాస్త వాసన కూడా వస్తోంది. పది నిమిషాలు ఆగి మళ్లీ పెడితే ఎక్కుతుంది. ఇలా వాడుకోవచ్చా?

జవాబు: ఇంకొక్కసారి కూడా పెట్టకండి. వాసన వచ్చిందంటే సాకెట్ లోపల ప్లాస్టిక్ మాడటం మొదలైంది. చార్జింగ్ ఆగిపోవడం మీ అదృష్టం. చాలా పోర్టబుల్ చార్జర్ల ప్లగ్గులో వేడిని కొలిచే సెన్సర్ ఉంటుంది, అదే ఆపుతోంది.

వేడి ఎందుకొస్తుందంటే ఏదో ఒక అతుకు వదులై ఉంది. మంచి అతుకులో నిరోధం లెక్కకు రానంత తక్కువ. వదులైన స్క్రూ దగ్గర అది 0.1 ఓమ్ దాకా పెరిగిందనుకోండి. 15 ఆంప్స్ పారితే 15 సార్లు 15, దాన్ని 0.1తో గుణిస్తే 22.5 వాట్లు. గోరంత చోటులో 22 వాట్లంటే సోల్డరింగ్ ఐరన్‌తో సమానం. మిక్సీ, ఇస్త్రీపెట్టె కాసేపు వాడి తీసేస్తాం కాబట్టి ఇది బయటపడదు. కారు మాత్రం ఏడెనిమిది గంటలు ఏకధాటిగా లాగుతుంది. వేడికి స్క్రూ ఇంకాస్త వదులవుతుంది, దాంతో వేడి మరింత పెరుగుతుంది.

మెయిన్ ఆపి సాకెట్ విప్పించండి. వైరు కొస నల్లబడి ఉంటే, రాగి మెరిసే దాకా వెనక్కి కోయాలి. పోగుల వైరైతే కొసకు ఫెరూల్ గానీ లగ్గు గానీ (పోగుల్ని కలిపి పట్టే లోహపు తొడుగులు) కొట్టించి బిగించాలి. విడి పోగుల్ని మెలిపెట్టి స్క్రూ కింద తోస్తే నెలలోపే వదులవుతుంది. పాత అల్యూమినియం వైరు కనిపిస్తే ఆ లైనును కారుకు వాడకూడదు, మీటరు బోర్డు నుంచి కొత్త రాగి వైరు లాగాల్సిందే. రంగు మారిన సాకెట్‌ను తిప్పి వాడకండి. లోపలి రేకు ఒకసారి వేడెక్కితే స్ప్రింగు బిగువు పోతుంది, ప్లగ్గును గట్టిగా పట్టుకోదు. కొత్తది పెట్టినా, మాడి గరుకుబారిన ప్లగ్గు పిన్నులు కొత్త సాకెట్‌నూ పాడుచేస్తాయి. అందుకని రెండూ చూసుకోవాలి. పిన్నులు పాడైతే ప్లగ్గు కోసి కొత్తది కట్టకండి, సెన్సర్ వైర్లు దాంట్లోనే ఉంటాయి. కేబుల్ సెట్టు మార్పించుకోవడమే దారి.

కొత్త సాకెట్ 16 ఆంప్స్ ఐఎస్ఐ మార్కుది, వీలైతే ఇనప పెట్టెలో వచ్చే మెటల్‌క్లాడ్ రకం తీసుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు, మల్టీ ప్లగ్గు, 6 ఆంప్స్ కన్వర్టర్ పిన్ను, ఏదీ మధ్యలో ఉండకూడదు. మీటరు నుంచి కారు దాకా విడి లైను. 15, 20 మీటర్ల లోపైతే 2.5 స్క్వేర్ ఎంఎం వైరు సరిపోతుంది, అంతకు మించితే 4 వేయించండి. సరిపోయిందో లేదో తెలుసుకోవడం తేలిక. చార్జింగ్ పెట్టకముందు సాకెట్ దగ్గర వోల్టేజీ చూసి, పెట్టిన పది నిమిషాలకు మళ్లీ చూడండి. 232 నుంచి 225కు దిగితే సరే. 232 నుంచి 210కి పడిపోతే మధ్యలో ఎక్కడో అతుకు వేడెక్కుతోంది, లేదా వైరు సన్నం.

బాగుచేసే లోపు కారు కదలాల్సిన అవసరం ఉండి, ప్లగ్గు పిన్నులు మాడకుండా ఉంటే, ఇంట్లో మంచి స్థితిలో ఉన్న వేరే 16 ఆంప్స్ సాకెట్ చూసుకుని, కారు సెట్టింగ్స్‌లో గానీ చార్జర్ పెట్టె మీద గానీ కరెంటును 10 ఆంప్స్‌కు తగ్గించి పెట్టండి. కరెంటు మూడింట రెండొంతులైతే అతుకు దగ్గర వేడి సగానికన్నా తక్కువవుతుంది. 10 ఆంప్స్‌తో గంటకు 2.3 యూనిట్లు, రాత్రి పది గంటల్లో నష్టాలు పోను 20 యూనిట్ల దాకా బ్యాటరీలోకి వెళతాయి. రోజువారీ తిరుగుడుకు చాలామందికి అది ఎక్కువే.

ప్రశ్న (హైదరాబాద్, మియాపూర్ నుంచి): అపార్ట్‌మెంటు సెల్లార్‌లో గోడకు బిగించే చార్జర్, 7.2 కిలోవాట్ల వాల్ బాక్సు పెట్టించాం. ఒక్కోసారి ఎంసీబీ పడిపోతోంది, ఒక్కోసారి ఆర్‌సీసీబీ. ఎలక్ట్రీషియన్ పెద్ద ఎంసీబీ వేస్తానంటున్నాడు.

జవాబు: ఏది పడింది, పెట్టిన ఎంతసేపటికి పడింది, అప్పుడు వాన ఉందా అని పది రోజులు ఒక కాగితం మీద రాయండి. ఈ రెండూ వేర్వేరు జబ్బులు. ఒకే మందు పనిచేయదు.

ముప్పావు గంట, గంట నడిచాక ఎంసీబీ పడుతుంటే అది వేడి. 7.2 కిలోవాట్లంటే 32 ఆంప్స్. దానికి 32 ఆంప్స్ ఎంసీబీయే పెట్టి ఉంటారు. ఎంసీబీ రేటింగ్ 30 డిగ్రీల వాతావరణానికి లెక్కగట్టింది. మే నెలలో మూసిన డబ్బాలో 45, 50 డిగ్రీలుంటే అది ముందే పడుతుంది. 40 ఆంప్స్ సీ-కర్వ్ వేయాలన్నది నిజమే, కానీ ఎలక్ట్రీషియన్‌ను ముందు వైరు సైజు అడగండి. ఎంసీబీ కాపాడేది కారును కాదు, గోడలోని వైరును. 4 స్క్వేర్ ఎంఎం వైరు మీద 40 ఆంప్స్ ఎంసీబీ వేస్తే, ఎంసీబీ పడకముందే వైరు తొడుగు కరుగుతుంది. 6 స్క్వేర్ ఎంఎం కనీసం. అయితే ఇక్కడి ఎండలకు, పైపులో వేరే వైర్లతో కలిసి పోయే లైనుకు, మీటరు గది నుంచి ముప్పై మీటర్లుండే సెల్లార్లకు 10 వేయించడమే మా సలహా. ముప్పై మీటర్ల దూరానికి 6 వైరులో 32 ఆంప్స్ దగ్గర 6 వోల్టులు పోతాయి, 10 వైరులో మూడున్నరే పోతాయి. ఆ తేడా అంతా గోడలో వేడిగా మిగిలేదే.

ఆర్‌సీసీబీ సంగతి వేరు. గన్ తగిలించగానే పడితే, వైరింగ్‌లో న్యూట్రల్, ఎర్త్ ఎక్కడో తాకుతున్నాయి. లేదా ఈ లైను న్యూట్రల్‌ను వేరే సర్క్యూట్ న్యూట్రల్‌తో కలిపేశారు. ఆర్‌సీసీబీ దాటాక న్యూట్రల్ విడిగానే ఉండాలి, బోర్డులో ఉమ్మడి పట్టీకి వేయకూడదు. వాన రోజుల్లోనే పడుతుంటే గన్ మూతిలో తేమ ఉంటుంది, లేదా గోడ పెట్టె అడుగున కేబుల్ దూరే గ్లాండు వదులై నీళ్లు దిగుతుంటాయి. ఇంటికంతటికీ ఒకటే ఆర్‌సీసీబీ ఉండి, అది అప్పుడప్పుడు పడుతుంటే అన్ని పరికరాల చిన్న చిన్న లీకేజీలు కలిసి 30 మిల్లీఆంప్స్‌కు దగ్గరవుతున్నాయి. కారుకు విడిగా ఒకటి పెట్టాలి. కొనేటప్పుడు టైప్ ఏ అని అడిగి తీసుకోండి. మార్కెట్లో చవకగా దొరికే టైప్ ఏసీ రకం, కారు నుంచి కొద్దిగా డీసీ లీకైతే మొద్దుబారి, నిజంగా పడాల్సిన రోజున పడదు. వాల్ బాక్సు లోపల 6 మిల్లీఆంప్స్ డీసీ లీకేజీని కనిపెట్టే ఏర్పాటు ఉందో లేదో దాని కాగితాల్లో చూడండి. లేకపోతే టైప్ బీ ఆర్‌సీసీబీ కావాలి, అది ఖరీదైనదే.

ప్రశ్న (రాజమహేంద్రవరం నుంచి): సాయంత్రం ఏడింటికి పెడితే ఎక్కదు. రాత్రి పదకొండు దాటాక పెడితే ఎక్కుతుంది.

జవాబు: ముందు కారులోనూ ఫోన్ యాప్‌లోనూ చార్జింగ్ టైమర్ ఎవరైనా పెట్టారేమో చూడండి. చాలా ఇళ్లలో కారణం ఇదే. టైమర్ లేకపోతే మూడు రోజులు వరుసగా ఏడింటికి, తొమ్మిదింటికి, పదకొండింటికి సాకెట్ వోల్టేజీ రాసుకోండి. సాయంత్రం 190కి దిగి, రాత్రి 225కు వస్తుంటే మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువైంది, లేదా మీ ఫేజ్ మీదే ఇళ్లు ఎక్కువున్నాయి. ఆ అంకెలతో 1912కు ఫిర్యాదు చేసి, ఫేజ్ బ్యాలెన్సింగ్ (ఇళ్ల లోడును మూడు ఫేజుల మీదా సమంగా సర్దడం) చేయమని అడగండి. ఉత్తినే వోల్టేజీ తక్కువండీ అంటే లైన్‌మన్ వచ్చి మధ్యాహ్నం కొలిచి వెళ్లిపోతాడు. స్టెబిలైజర్ కొనాలన్న ఆలోచన మానుకోండి. 3.3 కిలోవాట్లు గంటల తరబడి మోసే స్టెబిలైజర్ బరువూ ఖరీదూ ఎక్కువ, వోల్టేజీ పెంచడానికి లైను నుంచి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది కూడా.

ఒక్క విషయం మాత్రం ఆలస్యం చేయొద్దు. కారు పెట్టగానే కొన్ని లైట్లు మసకబారి, వేరే గదిలో లైట్లు మరింత కాంతిగా వెలిగితే అది త్రీఫేజ్ ఇంట్లో న్యూట్రల్ వదులైన గుర్తు. మెయిన్ ఆపేసి, అప్పుడే లైన్‌మన్‌ను పిలవండి. ఆ స్థితిలో ఒక ఫేజ్ మీది వస్తువులకు 300 వోల్టులకు పైగా వెళ్లొచ్చు.

ప్రశ్న (వరంగల్ నుంచి): కరెంటు పోయినప్పుడు చిన్న జనరేటర్ మీద పెడితే ఎర్త్ ఫాల్ట్ చూపిస్తోంది. కరెంటు మీద బాగానే ఉంది.

జవాబు: చార్జర్‌లో లోపం లేదు. చిన్న జనరేటర్లలో, చాలా ఇన్వర్టర్లలో న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలపరు. రెండు తీగలూ ఎర్త్ నుంచి చెరో 115 వోల్టుల దగ్గర తేలుతుంటాయి. పెట్టెకు అది ఎర్త్ లేనట్టే కనిపిస్తుంది. జనరేటర్ దగ్గర న్యూట్రల్‌ను సరైన ఎర్త్ పిట్‌కు కలిపే పద్ధతి ఉంది గానీ, అది జనరేటర్ తయారీదారు సూచనల ప్రకారం, ఇంటి కరెంటు వైపు కలవకుండా చేంజోవర్ స్విచ్‌తో చేయాల్సిన పని. ఇంటి ఇన్వర్టర్ మీదైతే అసలు పెట్టకండి. 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేదే 1.8 యూనిట్లు.

ప్రశ్న (కర్నూలు నుంచి): కారు పెట్టి, గీజర్ వేస్తే మెయిన్ పడిపోతోంది. ఇంటి మీటరు మీద కారు చార్జింగ్ పెట్టుకోవడానికి అనుమతి ఉందా?

జవాబు: ఉంది. కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి 14న ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఉన్న కనెక్షన్ మీదే ఇంట్లోనూ ఆఫీసులోనూ కారు చార్జింగ్ పెట్టుకోవచ్చని స్పష్టంగా చెప్పారు. విడి కనెక్షన్ కావాలంటే అడిగి తీసుకునే హక్కు 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల్లో చేర్చారు. మెయిన్ పడటం లెక్క మాత్రం సులువు. కారు 3.3, గీజర్ 2, ఏసీ 1.5, మొత్తం 6.8 కిలోవాట్లు, అంటే 30 ఆంప్స్. ఫ్రిజ్జు, మోటారు కలిస్తే 32 ఆంప్స్ మెయిన్ పడక తప్పదు. కారుకు రాత్రి పదకొండు నుంచి తెల్లవారు అయిదు దాకా టైమర్ పెట్టండి. బిల్లు మీద ఉన్న కాంట్రాక్టెడ్ లోడు చూసి, చాలకపోతే సెక్షన్ ఆఫీసులో పెంచమని దరఖాస్తు పెట్టుకోండి.

ప్రశ్న (డాలస్ నుంచి): గ్యారేజీలో నీమా 14-50 సాకెట్ (ఇక్కడి 50 ఆంప్స్ పవర్ ప్లగ్గు), లీకేజీ వస్తే పడిపోయే 50 ఆంప్స్ జీఎఫ్‌సీఐ బ్రేకర్ ఉన్నాయి. మొదలైన కొద్ది సెకన్లకే బ్రేకర్ పడుతోంది.

జవాబు: రెండు లీకేజీ రక్షణలు ఒకదాన్నొకటి ఇబ్బంది పెడుతున్నాయి. బ్రేకర్ 5 మిల్లీఆంప్స్‌కే పడుతుంది. మీ చార్జర్‌లో దాని సొంత రక్షణ 20 మిల్లీఆంప్స్ దగ్గర ఉంటుంది. మొదలయ్యే ముందు ఎర్త్ ఉందో లేదో చూసుకోవడానికి చార్జర్ పంపే చిన్న కరెంటును బ్రేకర్ లీకేజీ అనుకుంటుంది. సాకెట్ తీసేసి చార్జర్‌ను నేరుగా వైరింగ్‌కు కట్టిస్తే చాలాచోట్ల జీఎఫ్‌సీఐ బ్రేకర్ అవసరం ఉండదు. మీ ఊరి కోడ్ ఏమంటుందో లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ పర్మిట్ తీసుకుని చూస్తారు. సాకెట్టే ఉంచుకుంటే 50 ఆంప్స్ బ్రేకర్ మీద చార్జర్‌ను 40 ఆంప్స్‌కు మించి పెట్టకండి. గంటల తరబడి నడిచే లోడుకు అక్కడ 80 శాతమే లెక్క.

ప్రశ్న (నెల్లూరు నుంచి): నెలన్నర అమెరికాలో పిల్లల దగ్గర ఉండి వచ్చాం. కారు తెరుచుకోలేదు, తాళంచెవితో తెరిచాం. గన్ పెడితే ఏ లైటూ రావడం లేదు. వెళ్లేటప్పుడు బ్యాటరీ 70 శాతం ఉంది.

జవాబు: పెద్ద బ్యాటరీకి ఏమీ కాలేదు. బానెట్ కింద ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ దిగిపోయింది. పెద్ద బ్యాటరీని కలిపే కాంటాక్టర్లను, కారు కంప్యూటర్లను మేల్కొలిపేది అదే. అది లేకపోతే పైలట్ సంకేతానికి బదులిచ్చేవాళ్లే ఉండరు. కారు ఆపి ఉండగా మల్టీమీటర్‌తో కొలిస్తే 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12 కన్నా తక్కువైతే ఖాళీ అయినట్టు. మామూలు 12 వోల్టుల చార్జర్‌తో నాలుగైదు గంటలు ఎక్కించండి. తొందరైతే వేరే 12 వోల్టుల బ్యాటరీ నుంచి జంపర్ కేబుల్స్ వేయండి: ఎర్రది ప్లస్‌కు, నల్లది కారు మాన్యువల్‌లో చూపిన బాడీ బోల్టుకు. కారు ఆన్ అయ్యాక ఆ బ్యాటరీ మీద 13.5 నుంచి 14.5 దాకా కనిపించాలి. కనిపించకపోతే పెద్ద బ్యాటరీ నుంచి దీన్ని నింపే డీసీ-డీసీ కన్వర్టర్‌ను సర్వీస్‌లో చూపించాలి. నారింజ రంగు తొడుగున్న కేబుళ్లు, వాటి కనెక్టర్లు మీరు ముట్టవద్దు, మీ ఎలక్ట్రీషియన్‌నూ ముట్టనివ్వవద్దు. నాలుగేళ్లు దాటిన చిన్న బ్యాటరీ ఒకసారి ఇలా పూర్తిగా దిగిందంటే మార్చేయడమే నయం.

ప్రశ్న (కాకినాడ నుంచి): చార్జింగ్ అయిపోయింది, గన్ మాత్రం ఊడి రావడం లేదు.

జవాబు: లాగకండి. టైప్ 2 గన్‌ను కారు వైపు నుంచి చిన్న పిన్ను తాళం వేసి పట్టుకుని ఉంటుంది. లాగేకొద్దీ ఆ పిన్ను మీద బరువు పడి ఇంకా బిగుసుకుంటుంది. గోడ వైపు స్విచ్ ఆపండి. గన్‌ను ఒక చేత్తో లోపలికి నొక్కి పట్టుకుని, రెండో చేత్తో రిమోట్ మీద అన్‌లాక్ రెండుసార్లు నొక్కండి. టక్కుమని చప్పుడు వినగానే తీయండి. రాకపోతే కారును పూర్తిగా లాక్ చేసి, రెండు నిమిషాలాగి అన్‌లాక్ చేసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే బానెట్ కిందనో డిక్కీ పక్క ప్యానెల్ వెనకనో అత్యవసర విడుదల తాడు ఉంటుంది. ఎక్కడుందో మాన్యువల్‌లో చూసి నెమ్మదిగా లాగండి. ఊడి వచ్చాక సాకెట్‌లోకి టార్చి వేసి చూడండి. దుమ్మూ సాలెగూళ్లూ ఉంటే పొడి గాలితో ఊదండి. ఉప్పు గాలి తగిలే మీ ఊళ్లో పిన్నుల మీద పచ్చటి పొర కనిపిస్తే సర్వీస్‌లో శుభ్రం చేయించండి. నూనె, స్ప్రేలు కొట్టకండి, దుమ్ము వాటికే అంటుకుంటుంది. గన్ పెట్టనప్పుడు రెండు మూతలూ వేసే ఉంచండి.